మైకులో ఒప్పుకున్న తప్పు

పోయిన వారం ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఎవరో "వందనాలు అంకుల్" అన్నారు. ఆ పలకరింపు వింటే చాలు, మన సంఘపు మనిషేనని తెలిసిపోతుంది. తిరిగి చూస్తే చంకలో పాపతో ఒక అమ్మాయి. ఆమె నన్ను గుర్తుపట్టింది గానీ నేను ఆమెను పట్టలేకపోయాను. ఇంటర్ చదివే రోజుల్లో హయత్‌నగర్ యువజన కూటంలో నా సాక్ష్యం విన్నదట. ఆ నెలలోనే బాప్తిస్మం తీసుకున్నదట. "మీరు అట్ల నిజం ఒప్పుకోకపోతే నేను మారేదాన్ని కాదంకుల్" అన్నది. పాప నా చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది. ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టి, రెండు మంచి మాటలు చెప్పి, వచ్చిన బస్సు ఎక్కేశాను. అది నేను వెళ్ళాల్సిన వైపు వెళ్ళే బస్సు కాదని సైదాబాద్ దగ్గర తెలిసింది. ఆ అమ్మాయిని మార్చిన సాక్ష్యంలో ఒక అబద్ధం ఉంది. ఆ సంగతి ఆ అమ్మాయికి ఇప్పటికీ తెలియదు.

అప్పట్లో మా సంఘం రింగురోడ్డుకు దగ్గరలో ఒక టైర్ల దుకాణం మీద అద్దె హాల్లో కూడేది. మా పాస్టరు అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకునే సమయానికి సరిగ్గా కింద ఎవరో లారీ టైరుకు గాలి కొట్టించుకునేవారు. ప్రార్థనలో గొంతు పెంచడం మా అందరికీ అట్లా అలవాటైంది. సంఘంలో సగం మంది మా నల్లగొండ పల్లెల నుంచి వచ్చినవాళ్ళం, సగం మంది కృష్ణా గుంటూరు వైపు వాళ్ళు. మగవాళ్ళొక పక్క, ఆడవాళ్ళొక పక్క చాపల మీద కూర్చోవడం మొదటి నుంచీ ఉన్నదే. తెలంగాణ ఉద్యమం ముదిరిన శీతాకాలం నుంచి చాపల మీద ఇంకొక గీత కూడా పడింది. మావాళ్ళు కిటికీల వైపు, వాళ్ళు గోడ వైపు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ గీయలేదు. పాటలు మాత్రం కలిసే పాడేవాళ్ళం, పాడుతూ పాడుతూ ఎవరి వైపు ఎంతమంది వచ్చారో ఓరకంట చూసుకునేవాళ్ళం.

నెలకు మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె ముక్కల పళ్లెం, ద్రాక్షరసపు చిన్న గ్లాసులు వరసలో చేతులు మారుతూ వస్తాయి. దానికి ముందు సాక్ష్యాలు, అంటే దేవుడు చేసిన మేలో, తాము చేసిన తప్పో లేచి అందరి ముందు చెప్పుకోవడం, ఆ తర్వాత రెండు నిమిషాలు మౌనం. ఎవరితోనైనా మనస్పర్థ ఉన్నవాళ్ళు ముందు వెళ్ళి ఆ మనిషితో సమాధానపడాలి, పడలేకపోతే పళ్లెం ముట్టకుండా పక్కవాళ్ళకు అందించాలి. ఇది మా పద్ధతి. ఆ రెండు నిమిషాలు తల వంచుకుని ఎవరి పాపం వాళ్ళు వెతుక్కోవాలి గానీ, నిజం చెప్పాలంటే పళ్లెం ఎవరు దాటేస్తారోనన్న ఆరా కూడా అప్పుడే సాగేది. దాటేసినవాళ్ళ ఇంటి సంగతులు వారమంతా మాకు పనికొచ్చేవి.

ఇక అక్క గురించి చెప్పాలి. సొంత అక్క కాదు. తెనాలి వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ హాస్టళ్ళ సందులో టిఫిన్ సెంటర్ పెట్టుకున్న మనిషి. రెండు సందుల అవతల నాకు ఫ్లెక్సీలు ప్రింట్ చేసే దుకాణం ఉండేది. సంఘంలో పరిచయమైన మొదటి వారమే తమ్ముడూ అని పిలిచింది, అది మొదలు నాకు పొద్దున టిఫిన్ అక్కడే. పెసరట్టు వేసి, నేను అడగకముందే అల్లం చట్నీ ఇంకో గరిటె పోసేది. బరువైన మనిషి, నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి, హాస్టల్ పిల్లలకు జ్వరం వస్తే జావ కాచి పంపేది. ఆమెను అక్క అన్నాను కాబట్టి ఆమె భర్త నాకు బావ అయ్యాడు. బావకు మంచి గొంతు ఉంది. అన్యాయం ఏమిటంటే నా గొంతు కంటే మంచిది.

ఆరేళ్ళు సంఘంలో బైబిలు వాక్యం చదివింది నేను. ఆదివారం నేను లేచి నిలబడితే మా అమ్మ కొంగు సరిచేసుకుని చుట్టూ చూసేది. బావ వచ్చిన ఏడాదికి అయ్యగారు ఆ పని ఆయనకిచ్చారు, స్పష్టంగా చదువుతాడని. ఒకసారి ఆయన ఊరెళితే మళ్ళీ నాకు వంతు వచ్చింది. చదువుతూ ఒకచోట తడబడ్డాను. ముందు రోజే ఊరి నుంచి తిరిగొచ్చిన బావ వెనక చాప మీద కూర్చుని నవ్వాడు. పెద్ద నవ్వు కాదు, ముక్కుతో నవ్వే చిన్న నవ్వు. పక్కనున్న ఇద్దరు కూడా నవ్వారు. మా అమ్మ తల దించుకుంది. ఆరాధన అయ్యాక బావ నా భుజం తట్టి, "పర్లేదులే బ్రదర్, అలవాటైపోద్ది" అన్నాడు. ఆరేళ్ళు చదివినవాడితో అన్నాడు. ఆ మాట నాకు లోపలికి దిగి అక్కడే ఉండిపోయింది. తెలంగాణ రావాలని నాకు మనసారా ఉండేది. మా నాయన బతికినంత కాలం నీళ్ళ కోసం, కొలువు కోసం పడ్డ పాట్లు చూసినవాణ్ణి. అయితే ఆ కోరిక వేరు, ఈ మంట వేరు. రెంటినీ ఒకే సంచీలో వేసుకుని తిరగడం మాత్రం అప్పుడు చాలా సుఖంగా ఉండేది.

ఒక బంద్ నాడు పొద్దున దిల్‌సుఖ్‌నగర్ అంతా షట్టర్లు దించి ఉంది. హాస్టల్ మెస్సులు కూడా మూసేశారు. అక్క ముందు షట్టర్ వేసి, వెనక సందు తలుపులోంచి పిల్లలకు పూరీలు వేసి ఇస్తోంది. ఆ పిల్లల్లో సగం మంది జై తెలంగాణ అనేవాళ్ళే. ఈ సంగతి నాకెట్లా తెలుసంటే, ఆ పొద్దున నేను కూడా ఆ వెనక తలుపు దగ్గరే నిలబడి నాలుగు పూరీలు తిన్నాను. తిని చెయ్యి కడుక్కుని మూల మీదికి వచ్చి నిలబడ్డాను. ఎనిమిది పది మంది జెండాలు పట్టుకుని వచ్చారు, నా దగ్గర ఫ్లెక్సీలు వేయించుకునే కుర్రాళ్ళు కూడా ఉన్నారు అందులో. ఒకడు, "అంతా బందేనా అన్నా?" అని ఊరికే పలకరింపుగా అడిగాడు. నేను, "ముందట బందే. ఎనకకెల్లి నడుస్తున్నది" అని చేత్తో చూపించాను. బావ ముఖం వాడిపోతే చూడాలనిపించింది. అంతకు మించి ఏమీ అనుకోలేదని ఆ తర్వాత చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను.

బావ ఆ సమయానికి అక్కడ లేడు, గ్యాస్ బండ కోసం వెళ్ళాడు. ఉన్నది అక్క ఒక్కతే. వాళ్ళు తోసుకుంటూ లోపలికి పోవడం, ఒకడు పొయ్యి ఉన్న బల్లను కాలితో తన్నడం, బాణలి ఒరగడం ఒక్కసారే జరిగాయి. కాగుతున్న నూనె అక్క కుడి భుజం నుంచి ముంజేతి దాకా పడింది. ఆ అరుపు మూల మీద ఉన్న నాకు వినబడింది. వచ్చినవాళ్ళు కూడా బెదిరిపోయారు, ఇంత అవుతుందని వాళ్ళెవరూ అనుకోలేదు. వాళ్ళలోనే ఒకడు పరుగెత్తి ఎక్కడి నుంచో ఆటో పట్టుకొచ్చి ఆమెను ఎక్కించాడు. నేను మాత్రం మూల మీదే నిలబడి ఉన్నాను.

మూడో రోజు సంఘం తరఫున దవాఖానకు వెళ్ళాను. వెళ్ళకపోతే అందరూ అడుగుతారు. చెయ్యంతా కట్టు కట్టి ఉంది, మందుల వాసనలో కూడా కాలిన వాసన తెలుస్తోంది. నన్ను చూసి అక్క ఏడ్చింది. "ఎవరో చెప్పారంట తమ్ముడూ, లేకపోతే వెనక సందు వాళ్ళకెలా తెలుస్తుంది? పోనీలే. ప్రార్థన చెయ్యి" అన్నది. మంచం పక్కన మోకాళ్ళూని ప్రార్థన చేశాను. ఈ పని చేసినవాళ్ళను క్షమించమని కూడా ప్రభువును అడిగాను. ఆమె ఎడమచేత్తో నా వేళ్ళు పట్టుకుని ఆమెన్ అన్నది. నా బతుకులో నేను చేసిన పాపాల్లో అన్నిటికంటే నీచమైనది ఏదంటే, మూల మీద చెయ్యి చూపించడం కాదు, ఆ ప్రార్థన.

రెండు నెలలు తిండి సయించలేదు. చివరికి అయ్యగారి దగ్గరికి వెళ్ళి సగం చెప్పాను. చెయ్యి చూపించింది నేనేనన్నాను. ఎందుకు అని ఆయన అడిగితే, "అప్పుడు ఆవేశంల ఉన్న అయ్యగారూ, బందంటే బందే అనుకున్న" అన్నాను. అబద్ధం అక్కడ పుట్టింది. చాలా తేలికగా పుట్టింది, ఆయనే అందించినట్టు. అయ్యగారు మంచి మనిషి. రెండు ముక్కలైపోతున్న సంఘాన్ని చూసి కుమిలిపోతున్నారు. ఒక తెలంగాణ మనిషి లేచి ఆంధ్ర అక్కకు చేసిన తప్పును సంఘం ముందు ఒప్పుకుంటే చాపల మీది గీత చెరిగిపోతుందని ఆయనకు ఆశ పుట్టింది. రాబోయే బల్ల ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. ముందు ఆమె ఇంటికి వెళ్ళి చెప్పాలని ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ప్రతి నెలా మౌనానికి ముందు ఆయన నోటితో చెప్పే మాటే అది.

ఆ ఆదివారం నేను బాగా మాట్లాడాను. దాచుకోవడం ఎందుకు, చాలా బాగా మాట్లాడాను. మైకు పట్టుకున్నాక ఆరేళ్ళ అలవాటు తిరిగొచ్చింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసింది. కన్నీళ్ళు నిజమైనవే, వాటికి సమయం కూడా కుదిరింది. ఉద్యమ ఆవేశంలో కళ్ళు మూసుకుపోయాయని, సోదరిని శత్రువనుకున్నానని చెప్పాను. హాలంతా ఏడ్చింది. హల్లెలూయలతో కింద గాలి కొట్టే మోత కూడా వినబడలేదు. అయ్యగారు నన్ను కౌగిలించుకుని, బావను చెయ్యి పట్టుకుని లేపి నా చేతిలో ఆయన చెయ్యి పెట్టారు. అంతమంది ముందు ఏ మనిషి మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంటాడు? కిటికీల వైపు వాళ్ళు, గోడ వైపు వాళ్ళు లేచి ఒకరినొకరు పట్టుకున్నారు. నేను ఆడవాళ్ళ వైపు చూశాను. అక్క కొంగు తల మీదికి లాక్కుని కాలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తనను చూపించింది ఎవరో ఆమెకు తెలిసింది ఆ నిమిషంలో, ఆ మైకులో, నూట యాభై మందితో పాటు. తర్వాత పళ్లెం వచ్చింది. ఆమె దాన్ని ముట్టకుండా ఎడమచేత్తో పక్కావిడకు అందించింది.

మరుసటి నెలా దాటేసింది, ఆ మరుసటి నెలా దాటేసింది. ఈలోపు నేను పేరున్న మనిషినయ్యాను. హయత్‌నగర్ వాళ్ళు పిలిచారు, బాటసింగారంలో పందిరి కూటానికి పిలిచారు. ఆ కూటాల ఫ్లెక్సీలు నా దుకాణంలోనే పడ్డాయి. వాటి మీద నా ఫొటో నేనే ఎంచుకున్నాను, ముఖం కొంచెం తెల్లగా కూడా చేసుకున్నాను. చెప్పిన కొద్దీ సాక్ష్యంలో నా కన్నీళ్ళు పెరిగాయి, ఆమె కాలిన చెయ్యి తగ్గింది. మా సంఘంలో సంగతి వేరేగా తయారైంది. తప్పు చేసినవాడు మారాడు, ఈమె మాత్రం క్షమించలేకపోతోందన్నారు. ఆమె హృదయం మెత్తబడాలని స్త్రీల కూడికలో ఉపవాస ప్రార్థన పెట్టారు. అక్క కూడా ఆ ఉపవాసానికి వచ్చి తన కోసం వాళ్ళు చేసిన ప్రార్థనలన్నీ విని వెళ్ళిందని నా భార్య చెప్పింది.

ఆరు నెలలు వరుసగా బల్ల తీసుకోనివాళ్ళను పెద్దలు విచారించాలని మా సంఘపు నియమం. జవాబు సరిగ్గా లేకపోతే పేరు తీసేస్తారు. ఇన్ని వేల మంది ఉన్న ఊళ్ళో, టిఫిన్ సెంటర్ మూతబడి, ఒక గదిలోకి మారి, ఇళ్ళకు పచ్చళ్ళు పెట్టి ఇస్తూ బతుకుతున్న ఆ మనిషికి మిగిలింది ఆ చాపల మీద చోటొక్కటే. ఒక శనివారం సాయంత్రం పెద్దలు కూర్చున్నారు, నన్నూ పిలిచారు. సోదరుణ్ణి ఎందుకు క్షమించలేకపోతున్నావమ్మా అని అయ్యగారు మెత్తగానే అడిగారు. ఆమె కాలిన చేతిని కొంగు కిందికి లాక్కుంది. తర్వాత, "తమ్ముడు దేవుడికి చెప్పుకున్నాడు. మీకు చెప్పుకున్నాడు. హయత్‌నగర్‌లో కూడా చెప్పాడంట. నాకు చెప్పలేదండి" అన్నది. ఇంకొంచెం ఆగి, "క్షమించలేదు, క్షమించలేదు అంటున్నారు. నన్నెవరు అడిగారండీ?" అన్నది. గొంతు పెంచలేదు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, వచ్చే బల్ల ఆదివారం దాకా గడువు ఇద్దామన్నారు. గడువు ఆమెకిచ్చారు, నాకు కాదు.

ఇంటికొచ్చి నా భార్యకు చెబితే ఆమె బియ్యం చాట పక్కన పెట్టింది. "మైకు ముందట ఏడ్చుడు ఎవరికైనా వస్తది. ఆమె గడప ఎక్కినవా ఎన్నడన్న?" అన్నది. ఇన్ని నెలలుగా నేను ఎక్కడెక్కడ సాక్ష్యం చెప్పానో అన్నీ తెలిసిన మనిషి, ఈ ఒక్కటి ముందే ఎందుకు అడగలేదని కోపం వచ్చింది నాకు. నా మీద నాకు రావాల్సిన కోపం పక్కవాళ్ళ మీద చూపించడం నాకు కొత్త కాదు.

సోమవారం పొద్దున అక్క గదికి వెళ్ళాను. మామిడికాయ ముక్కలకు ఉప్పు కలుపుతోంది, ఎడమచేత్తో. కుడిచెయ్యి మోచేయి దగ్గర చర్మం గట్టిపడి సరిగా చాచడానికి రావడం లేదు. బావ లోపలి నుంచి నన్ను చూసి చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. నేను నేల మీద కూర్చుని, "తప్పు చేసిన అక్కా. నీకు చెప్పకుంట ఊరందరికి చెప్పిన. నన్ను క్షమించు" అన్నాను. ఆమె చెయ్యి ఆగింది. వాళ్ళు ఏమడిగారు, నువ్వేమన్నావు, ఉన్నదున్నట్టు చెప్పమన్నది. చెప్పాను. ముందట బందే, ఎనకకెల్లి నడుస్తున్నది అన్న ఆ రెండు ముక్కలూ ఆమె ముందు మళ్ళీ అన్నాను. "ఎందుకన్నావు?" అన్నది. ఆవేశం అనబోయాను. ఆమె ముఖం చూస్తూ ఆ మాట రాలేదు. బావ నవ్వాడని, వాక్యం చదివే పని నా దగ్గర నుంచి పోయిందని, ఆ కోపంతో అన్నానని చెప్పాను.

ఆమె ఉప్పు చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "అంతేనా?" అన్నది.

అవునన్నాను. అక్క, "నేను తెలంగాణ కోసం అనుకున్నాను తమ్ముడూ. నువ్వే చెప్పావుగా మైకులో. ఏదో పెద్దదాని కింద పడ్డాంలే, మనమెంత అని సర్దిచెప్పుకుంటున్నాను ఇన్నాళ్ళూ. ఆయన నవ్వినందుకా?" అన్నది. కాలిన చేతిని ఎడమచేత్తో పట్టుకుని దాన్నే చూసుకుంటూ కూర్చుంది. నాకు అప్పుడు తెలిసింది, నేను ఇన్ని నెలలుగా ఒప్పుకుంటూ తిరిగింది నా తప్పు కాదని. అందరికీ ఉన్న ఒక పెద్ద కోపాన్ని తెచ్చి నా తప్పు మీద కప్పి, ఆ కప్పుకున్నదాన్ని ఒప్పుకున్నాను. ఆవేశంలో తప్పు చేసినవాడికి కాస్త మర్యాద ఉంటుంది, అసూయతో చేసినవాడికి ఏమీ ఉండదు. నాతో పాటు బంద్‌లో నిలబడి ఎవరి బల్లనూ తన్నని వేలమంది నిజాయితీపరుల మీదికి కూడా తోశాను దాన్ని.

వెళ్ళబోతుంటే అక్క అన్నది: "ఆదివారం ఈ మాట చెప్పు. అక్కడే, ఆ మైకులోనే. అందరూ విన్నారుగా అది, ఇది కూడా విననీ. నువ్వు చెప్తే నేను పళ్లెం తీసుకుంటాను." చెబుతానన్నాను. దేవుని మీద ఒట్టు పెట్టుకోకూడదు మేము, కాబట్టి ఒట్టు పెట్టలేదు. చెబుతానని రెండుసార్లు అన్నాను.

ఆదివారం వచ్చింది. మరునాడు మళ్ళీ బంద్ అని ముందు రోజే తెలిసింది. హాలు మెట్ల దగ్గర అయ్యగారు నన్ను ఆపి, వచ్చే నెల జిల్లా యువజన సదస్సులో నా సాక్ష్యం పెట్టారని సంతోషంగా చెప్పారు. నేను లోపలికి వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాను. అక్క ముందు వరసలో కూర్చుంది, ఎప్పుడూ కూర్చునే చోటు కాదు. పాటలయ్యాయి. సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అయ్యగారు అడిగారు. ఒక ముసలావిడ లేచి మనవడి జ్వరం తగ్గిందని చెప్పింది. ఇంకెవరైనా ఉన్నారా అని మళ్ళీ అడిగారు. రేపు బంద్ కదా, ఇప్పుడు ఇట్లాంటి మాట వద్దేమో అనుకున్నాను. మా అమ్మ వింటుంది అనుకున్నాను. వచ్చే నెల చెబుదాం అనుకున్నాను. అక్క కొంగు సర్దుకునే సాకుతో తిరిగి నా వైపు చూసింది. నేను చేతిలో ఉన్న పాటల పుస్తకంలోకి చూశాను. ఏ పుట తెరిచి ఉందో ఇప్పటికీ తెలియదు. మౌనం అయింది. పళ్లెం ముందు వరసకే మొదట వెళుతుంది. ఆమె దాన్ని రెండు క్షణాలు పట్టుకుని, పక్కకు అందించింది. తర్వాత అది నా దగ్గరికి వచ్చింది. నేను తీసుకున్నాను.

ప్రకటనల్లో అయ్యగారు సంఘంలోంచి తీసేసినట్టు ఆమె పేరు చదివారు. చదివాక ఆయన కళ్ళు తుడుచుకున్నారు, అది కూడా ఆమె మొండితనం వల్లే అనుకున్నారు అందరూ. పది రోజులకు వాళ్ళు గది ఖాళీ చేసి వెళ్ళిపోయారు. రెండేళ్ళ తర్వాత ధైర్యం కూడగట్టుకుని అయ్యగారికి అసలు సంగతి చెబితే, ఆయన ముందు ఆమె ఎక్కడుందో కనుక్కోమన్నారు. తెనాలి వైపు తెలిసినవాళ్ళ ద్వారా కనుక్కున్నాను. ఆ ముందు వేసవిలోనే గుండె ఆగి చనిపోయిందని చెప్పారు. అక్కడ కూడా ఏ సంఘంలోనూ పేరు ఇవ్వలేదట, ఆదివారాలు ఇంట్లోనే ఉండేదట. ఆ మరుసటి నెల నేను లేచి అంతా మైకులో చెప్పాను. ఎవరూ హల్లెలూయ అనలేదు. ముందు వరసలో ఆమె చోట వేరే ఎవరో కూర్చున్నారు. అప్పటి నుంచి పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడల్లా పక్కకు అందిస్తూనే ఉన్నాను, అందుకు ఏ పెద్దలూ నన్ను విచారించలేదు.

పశ్చాత్తాపపడటానికి దేవుడు మనిషికి బతికినంత కాలం గడువిస్తాడని అయ్యగారు చెప్పేవారు, నిజమే కావచ్చు. అక్క నాకు ఇచ్చింది మాత్రం ఒక్క ఆదివారం. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు వచ్చాయి, ఇంకా వస్తూనే ఉన్నాయి, వాటిలో ఏ ఒక్కటీ ఆ ఆదివారం కాదు.